కొప్పులో గోధుమ పోచలు

మా అంగన్‌వాడీకి, బడిలో కొత్తగా పెట్టిన చిన్నపిల్లల తరగతికి మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ అవతల ఆ తరగతి టీచరు నవ్య పాట ఎత్తుకుంటే ఇవతల నా పిల్లలు నన్ను వదిలేసి అటు చెవులు పెడతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. నవ్యది ఈ తండానే. పిల్లలతో వాళ్ల ఇంటి భాషలోనే ముచ్చట పెడుతుంది. నేనేమో మొన్న జూన్‌లో నెల్లికుదురు నుంచి ఈ కొత్తగూడ అడవిలోకి బదిలీ మీద వచ్చినదాన్ని.

శనివారం తల్లిదండ్రుల మీటింగ్. పిల్లల్ని నా దగ్గరే ఉంచుతారో, నవ్య తరగతిలో వేస్తారో ఆ రోజే చెబుతారు. అందరూ అటు పోతే నా సెంటర్‌కు తాళమే.

అందుకే ఆమె పాటలను తలదన్నే ఆట ఒకటి ఆలోచించాను. టీ గ్లాసుల్లో మట్టి నింపి పిల్లల చేత గోధుమలు చల్లించాను. రోజూ నీళ్లు పోసేదీ వాళ్లే. మీటింగ్‌లో దారంతో కొలిచి ఎవరి మొలక పొడుగో, ఎవరిది పొట్టో తల్లుల ముందు చెప్పాలి. పిల్లలు గ్లాసుల మీద ఎగబడుతుంటే నవ్య కిటికీలోంచి తొంగిచూసింది. చూడనీ, కుళ్లుకోనీ అనుకున్నాను.

శనివారం పొద్దున దారం ఉండ కొనుక్కుని వచ్చేసరికి గ్లాసుల్లో మట్టే ఉంది. ఒక్క మొలకా లేదు, పిల్లలూ లేరు. ఆయా వంటగదిలో గుడ్లు ఉడకబెడుతోంది.

నేరుగా నవ్య మీదికి పోయాను.

"నా మొలకలు పీకిచ్చింది నువ్వే గదా?"

నవ్య బిత్తరపోయింది. వచ్చి గ్లాసులు చూసి పకపకా నవ్వింది.

"నేనెందుకు పీకిస్త అక్కా? మొన్ననే గదా మా తండాల తీజ్ పండుగ అయింది! ఆడపిల్లలు బుట్టలల్ల గోధుమలు ఏసి, రోజు నీళ్లు పోసి, ఆఖరి రోజు మొలకలు తెంపి పెద్దోళ్ల తలల పెడ్తరు. నువ్వు గూడ గట్లనే ఏపిచ్చి నీళ్లు పోపిస్తివి. ఇగ పోరలు ఏంజేస్తరు?"

అంతలో పిల్లలు పెరట్లోంచి వచ్చారు. పిడికిళ్ల నిండా పచ్చటి పోచలు. ముందున్నది దీక్షిత. నాతో ఇన్నాళ్లూ ఒక్క మాటైనా మాట్లాడని పిల్ల నా కొంగు పట్టి లాగింది.

"కూసో."

కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు నా కొప్పులో పోచలు దోపారు. నాకు ఏడుపు ఆగలేదు.

మీటింగ్‌కు అందరికంటే ముందొచ్చిన దీక్షిత నాయనమ్మ ద్వాళి నన్ను చూసి ముక్కున వేలేసుకుంది.

"అగో, టీచరమ్మను ఇంటిమనిషిని జేసుకున్నరు! మా పిల్ల ఈడనే ఉంటది."

వెనకే వచ్చిన తల్లులూ నవ్వుతూ సరేనన్నారు.

నవ్య నవ్వు మాత్రం ఆగిపోయింది. దీక్షిత ముందు వంగి, తన జడ చూపిస్తూ వాళ్ల భాషలో ఏదో అడిగింది. దీక్షిత ఖాళీ చేతులు తిప్పి చూపించింది.

ఒక్క పోచ తీసి ఆమెకిస్తే నా సొమ్మేం పోదు. చెయ్యి కొప్పు దాకా వెళ్లింది కూడా. పోచలు జారిపోకుండా ఇంకాస్త లోపలికి దోపుకున్నాను.