మూడు బస్తాల ఉల్లికాడలు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో శ్రీరంగనాయకులు గోదాం తలుపు పొద్దున్నే ఆరింటికి తెరుచుకుంటుంది. అదే వేళకి ఆయన భార్య రత్నాంబ గాజులు తీసి గూట్లో పెట్టి, పుస్తెలతాడు తీసి ఆయన మెడలో వేసి, మేడ మీది జుజిత్సు క్లాసుకి మెట్లెక్కుతుంది. ఒంటి మీద బంగారం ఉంటే ఎవరి వేలో అందులో ఇరుక్కుంటుందని అక్కడ నియమం. ఏడింటిదాకా ఆయన మెడలో ఆ తాడుతోనే కాటా వేస్తాడు. ముఠా కూలీలు మొదట్లో ముసిముసిగా నవ్వారు గానీ, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు.

యాభై రెండేళ్ళ మనిషికి ఈ కుస్తీలేమిటంటే, పోయినేడు స్నానాలగదిలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మేడ అద్దెకి తీసుకున్న దుర్గాసాయి, ఆమె కొడుకు వయసువాడు, "మా దగ్గర ముందు పడటమే నేర్పుతామండి" అన్నాడు. పడటం కూడా ఒకరు నేర్పాలా అని మొగుడు నవ్వాడు. ఆమె మాత్రం వెళ్ళింది. పడటం వచ్చింది, ఆ తర్వాత పట్లూ వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఇంటికీ కొట్టుకీ మధ్య తిరిగిన మనిషికి తనదంటూ దొరికిన గంట అదొక్కటే. ఆ గంటంటే ఆమెకి ప్రాణం.

క్లాసు గుమ్మానికి గోళ్ళ కట్టరొకటి దారంతో వేలాడుతూ ఉంటుంది. గోళ్ళు చూసుకుని, కాళ్ళు కడుక్కుని మ్యాట్ ఎక్కాలి. పట్టులో చిక్కినవాళ్ళు చేత్తో రెండుసార్లు తడితే ఇక చాలని అర్థం, పట్టినవాళ్ళు ఆ క్షణమే వదిలెయ్యాలి. వదలకపోతే కింద గోదాంలో ఒక బస్తా ఉల్లి మొలకెత్తుతుంది. తట్టాల్సినవాళ్ళు పౌరుషానికి పోయి తట్టకపోయినా అంతే. "ఎవరండీ పైన? బస్తా పోయింది!" అని శ్రీరంగనాయకులు కేకేస్తాడు. తప్పు చేసినవాళ్ళు దిగొచ్చి కాడలు కోస్తారు, రత్నాంబ అందరికీ వండిపెడుతుంది.

అంతా బాగానే ఉంది గానీ రత్నాంబకి ఒక్క అలవాటు పోలేదు. కాలు ఎవరికైనా తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలి. జుజిత్సులో కాళ్ళు తగలకుండా ఎలా కుదురుతుంది? సరిగ్గా పట్టు బిగిసే వేళకి "అయ్యో, తగిలిందమ్మా" అని చెయ్యి వదిలేసేది. మొన్నొకసారి అలా వదిలేసరికి అవతలి పిల్ల మోచెయ్యి మెలిపడబోయింది.

"మధ్యలో అలా వదిలేస్తే ఎవరికో దెబ్బ తగులుతుందండి," అన్నాడు దుర్గాసాయి బతిమాలుతున్నట్టు. "రేపు గనక తట్టకముందే వదిలారంటే, ఇంక గోడవారన కూర్చుని చూడటమేనండి."

"అలాగేనండి మాస్టారూ," అంది. ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు ఆమెకి జోడీగా విశ్వతేజ వచ్చాడు. ఉండి దగ్గర చేపల చెరువులున్న కుర్రాడు. చేరి మూడు వారాలైనా ఇంతవరకూ ఒక్కసారీ తట్టలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఇతను మొండివాడే కాదు, నిజంగానే బలవంతుడు కూడా.

"గట్టిగానే పట్టుకోండి పిన్నిగారూ, పర్లేదు," అని నవ్వుతూ ఆమెకి వీపు తిప్పి కూర్చున్నాడు. పెద్దావిడ ఏం నొక్కుతుందిలే అనుకున్నాడు. అవి ముప్పై ఏళ్ళుగా గోతాల మూతులు బిగించిన చేతులని అతనికి తెలీదు.

వెనకనుంచి కాళ్ళు అతని నడుం చుట్టూ వేసి, మోచెయ్యి అతని గడ్డం కిందికి పోనిచ్చి మెడ బిగించింది రత్నాంబ. కాళ్ళు తగిలాయి. చెయ్యి కళ్ళవైపు పోబోతే పళ్ళబిగువున ఆపుకుంది. తట్టిన చప్పుడు కోసం చెవులు రిక్కించింది. దుర్గాసాయి అటు తిరిగి ఇంకెవరికో పట్టు సరిచేస్తున్నాడు.

ఆ చప్పుడు రాలేదు. మెట్ల మీదుగా పచ్చి ఉల్లికాడల వాసన వచ్చింది. వెనకే మొగుడి గొంతు, "రత్నా! మూడు బస్తాలు! మూడు బస్తాలే!"

ఎప్పుడూ ఒకటి దాటి మొలకెత్తలేదు. ఇప్పుడు వదిలితే ఆ గంట పోయినట్టే. అయినా వదిలేసింది. వదిలి, అలవాటుగా అతని భుజం తాకి కళ్ళకద్దుకోబోతే, ఆ భుజం తడిగుడ్డలా జారిపోయింది.

"మాస్టారూ!"

దుర్గాసాయి ఒక్క గెంతులో వచ్చి విశ్వతేజని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తాడు. శ్రీరంగనాయకులు మెడలో పుస్తెలతాడుతో రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి కుర్రాడు కళ్ళు తెరిచి, "ఎవరు గెలిచారండీ?" అన్నాడు.

రత్నాంబకి ఏడుపొచ్చింది. "తట్టకముందే వదిలేశానండి మాస్టారూ. గోడవారన కూర్చుంటాను," అంది.

"మీరు ఇంకాసేపు వదలకపోతే ఏమయ్యేదోనండి," అన్నాడు దుర్గాసాయి. "నేను చూడాల్సింది, చూళ్ళేదు. మీరు ఆడండి. కళ్ళకద్దుకోవడం మాత్రం రౌండయ్యాక పెట్టుకోండి."

మధ్యాహ్నం గోదాం వెనక ఇంట్లో అందరికీ విస్తళ్ళు వేశారు. మూడు బస్తాల కాడలూ విశ్వతేజే కోశాడు. పప్పులోనూ అవే, పులుసులోనూ అవే. అతని పక్కన నిలబడి రత్నాంబ గరిటె మీద గరిటె వేస్తోంది.

"చాలండి పిన్నిగారూ."

"పొద్దున్న నా చేతుల్లో అలా అయిపోయావు. తిను బాబూ." ఇంకో గరిటె.

విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి పక్కనుంచి వడ్డించిందామె. నాలుగో గరిటె లేచింది. కుర్రాడు ఆమె మొహంలోకి చూశాడు, తల దించుకున్నాడు, ఎడం చెయ్యి నేల మీద పెట్టి రెండుసార్లు తట్టాడు.

పంక్తి అంతా తినడం ఆపింది.

రత్నాంబ గరిటె ఆ క్షణమే వెనక్కి తీసింది. ఆ ఇంట్లో ఒకరు చాలంటే ఆమె వడ్డన ఆపడం అదే మొదటిసారి.