ఘాటు రాని మిరపకాయలు

మొదటి రోజు న్యూజిలాండ్ సున్నా, కొరియా పదకొండు. ఆ పదకొండూ కిరణ్మయి కూతుర్ని దాటుకునే లోపలికి పోయాయి.

గోల్‌కీపర్ని కన్న తల్లి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు బాబూ. మిగతా పిల్లలు తప్పు చేస్తే ఎవరికీ కనబడదు. గోల్‌కీపర్ తప్పు చేస్తే బోర్డు మీద అంకె మారిపోతుంది, ఊరంతా చూస్తుంది. డునెడిన్ ఐస్ రింకులో ఒంటి నిండా దుప్పటి కప్పుకుని కూర్చున్న కిరణ్మయి అంకె మారినప్పుడల్లా తలొంచుకుంది. పక్కన మొగుడు మధుబాబు మాత్రం ప్రతి గోల్‌కీ లేచి నిలబడి "పర్లేదు మనూ, పర్లేదు!" అని అరిచాడు. సగం ఆట అయ్యేసరికి ఆయన గొంతు కూడా పోయింది.

అది 2007 జూన్. నాలుగు దేశాల జూనియర్ అమ్మాయిల ఐస్ హాకీ పోటీ ఆ ఏడు డునెడిన్‌లో పెట్టారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, కొరియా, బెల్జియం. మనూ, అంటే మనస్విని, రెండేళ్ళ నుంచీ బెంచీ మీద కూర్చునే గోల్‌కీపరే. అసలు గోల్‌కీపర్ పిల్ల చెయ్యి విరగ్గొట్టుకుంటే న్యూజిలాండ్ నల్ల జెర్సీ ఈ పిల్లకొచ్చింది. పదహారేళ్ళు. నాలుగేళ్ళప్పుడు గుంటూరు నుంచి తీసుకొచ్చారు. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అమ్మతో ఏదైనా పని పడితే అప్పుడు తీస్తుంది తెలుగు, దాచుకున్న పట్టుచీర తీసినట్టు.

కిరణ్మయి ఆ ఊరి ఆసుపత్రిలో, ఎమర్జెన్సీలో నర్సు. ఎనిమిదేళ్ళుగా చేస్తోంది. ఆ ఎనిమిదేళ్ళలో తోటి నర్సులు ఆవిణ్ణి డ్యూటీ సంగతులు తప్ప ఇంకో మాట అడిగిన పాపాన పోలేదు. అలాంటిది మనూ ఫోటో పేపర్లో పడిన మర్నాడు ఇన్‌చార్జి నర్సు ఆ ముక్క కత్తిరించి తెచ్చి గోడకి అంటించింది. డాక్టర్లు ఆగి పలకరించారు. "మనూ వాళ్ళ మమ్ నువ్వేనా?" అని ఓ ముసలి పేషెంటు ఆవిడ చెయ్యి పట్టుకుంది. కిరణ్మయికి కడుపు నిండిపోయింది. ఎందుకు నిండదు? పరాయి ఊళ్ళో మనల్ని ఒకరు గుర్తుపట్టడమంటే మాటలా?

అందుకే పదకొండు సున్నా అంత మంటపెట్టింది. పైగా మర్నాడు శకుంతల ఆంటీ ఫోన్. డునెడిన్లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకీ ఆవిడే పెద్ద దిక్కు, ఆవిడే రేడియో.

"పదకొండా! నేను క్రికెట్ స్కోరేమో అనుకున్నానే అమ్మాయ్," అందావిడ. "అయినా ఆడపిల్లకి ఆ ఐసు మీద కుమ్ములాట ఎందుకే? చక్కగా డాన్స్ నేర్పించకపోయావా?"

"ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి ఆంటీ," అంది కిరణ్మయి పళ్ళు బిగబట్టి.

రెండో మ్యాచ్ బెల్జియంతో. ఒకటి, ఏడు. ఓడిపోయారు కానీ మనూ ఆ రోజు నిజంగా బాగా ఆడింది, ఎన్ని ఆపిందో లెక్కలేదు. ఆట చివర్లో బెల్జియం పిల్ల ఒకతి, గిత్తలా ఉంది, జోరు ఆపుకోలేక వచ్చి మనూని గుద్దేసింది. ఇద్దరూ కలిసి గోల్ స్తంభం మీద పడ్డారు. హెల్మెట్ స్తంభానికి తగిలిన చప్పుడు పైదాకా వినబడింది. మనూ లేచి చెయ్యి ఊపింది. జనం చప్పట్లు కొట్టారు. కిరణ్మయి కొట్టలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మనూ అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. వాంతి. వచ్చి సోఫాలో పడుకుని, "లైట్ ఆపేయ్ అమ్మా, కళ్ళు నొప్పి," అంది. తెలుగులోనే అంది. కిరణ్మయి దగ్గర కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఇవాళ ఏం వారం రా?"

"మంగళవారం." ఒక్క క్షణం ఆగి తల్లి మొహం చూసి నవ్వింది. "జోక్ చేశాలే అమ్మా. గురువారం."

జోక్ కాదని కిరణ్మయికి తెలుసు. ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రగ్బీ సీజన్ వచ్చిందంటే ప్రతి శనివారం తలకి దెబ్బ తగిలించుకున్న పిల్లలు ఎమర్జెన్సీకి వరస కడతారు. వాళ్ళ తల్లులకి ఆవిడే చెప్పి పంపుతుంది. వాంతి అయినా, వెలుతురు చూడలేకపోయినా, మాట తడబడినా వెంటనే తీసుకురండి. తగ్గిందన్నా నమ్మకండి. మూడు వారాలు ఆటకి పంపొద్దు, మానకముందే రెండో దెబ్బ తగిలితే చిన్నదైనా ప్రాణం మీదకొస్తుంది. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది ఆ పాఠం.

కానీ శనివారం ఆస్ట్రేలియాతో ఆఖరి మ్యాచ్. ఆస్ట్రేలియా కూడా రెండూ ఓడింది. గెలిస్తే మూడో స్థానం, ఓడితే అట్టడుగు. వచ్చే ఏడు పోటీలో చోటు కూడా ఉండదు. మనూ లేకపోతే ఇంకో గోల్‌కీపర్ టెస్ అనే పధ్నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే ఉంది. దానికి ప్యాడ్లు కట్టుకోవడమే సరిగ్గా రాదు.

"పేపర్లో ఫోటో పడింది కదా, దిష్టి కొట్టింది," అన్నాడు మధుబాబు. యూనివర్సిటీలో కంప్యూటర్ల ఉద్యోగం ఆయనది. కంప్యూటర్‌కి జబ్బు చేస్తే వెయ్యి కారణాలు వెతుకుతాడు, మనుషులకి జబ్బు చేస్తే ఒకటే కారణం. "ఆ శకుంతలమ్మ కళ్ళు మామూలువా! దిష్టి తియ్యి కిరణ్."

కిరణ్మయి లేచింది. అదీ ఆవిడ చేసిన పని. కారు తాళాలు తియ్యాల్సిన చేతులతో ఎండు మిరపకాయల డబ్బా తీసింది. గుప్పిట్లో ఉప్పు, మిరపకాయలు పట్టుకుని పిల్ల తల చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నీ దిష్టి, అందరి దిష్టీ పోవాలి," అంది. మనూ కళ్ళు మూసుకుని బుద్ధిగా మూడుసార్లు "తూ" అంది.

ఆ ఇంట్లో మిరపకాయలు మాడ్చడానికి ఒక పద్ధతుంది. ఇల్లు కొత్తగా అద్దెకి తీసుకున్న రోజుల్లో తాలింపు పెడితే పొగ అలారం మోగి, ఫైరింజన్ వచ్చి, వీధి వీధంతా పైజామాలతో బయటికొచ్చి చూసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అందుకని స్టవ్ ముట్టుకునే ముందు పైనున్న ఫ్యాన్ ఫుల్లుగా పెట్టడం, కిటికీ బార్లా తియ్యడం అలవాటైపోయింది. ఆ రోజూ అలవాటు ప్రకారం ఫ్యాన్ వేసి, పెనం ఎర్రగా కాల్చి, మిరపకాయలు అందులో వేసింది. చిటపటమన్నాయి, నల్లబడ్డాయి. పొగంతా ఫ్యాన్ లాగేసుకుంది. ఎవరికీ ఒక్క దగ్గు రాలేదు.

"చూశావా! ఘాటే రాలేదు," అన్నాడు మధుబాబు ముక్కు ఎగబీలుస్తూ. "ఎంత దిష్టో చూడు పిల్లకి! అమ్మో అమ్మో."

నెత్తి మీద ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది. కిరణ్మయి దాని వైపు ఒకసారి చూసింది.

"అవునండీ, చాలా ఉంది," అంది.

మర్నాడు పొద్దున మనూ లేచి టోస్ట్ తింది. తలనొప్పి లేదంది. కాస్త తేలికగా అనిపించింది కిరణ్మయికి, అనిపించాలని గట్టిగా అనుకుంది కాబట్టి. మధుబాబు ఆఫీసుకి వెళ్ళాక ఫోన్ మోగింది. కోచ్ జూలీ.

"కిరణ్, మనూకి నిన్న గట్టి దెబ్బే తగిలింది. ఏమీ లేదంటోంది. పిల్లలు అలాగే అంటారు, నేను నమ్మను. నువ్వు నర్సువి, నీ మాట నమ్ముతాను. కొంచెం అనుమానం ఉన్నా చెప్పు, టెస్‌ని ఆడిస్తాను. ఓడితే ఓడతాం."

ఎంత మంచి మనిషో చూడండి. తలుపు తెరిచి పెట్టింది, ఒక్క మాట అంటే చాలు. కిరణ్మయి తలెత్తింది. గుమ్మంలో మనూ నిలబడి ఉంది, జెర్సీతోనే పడుకున్నట్టుంది రాత్రి. రెండు చేతులూ జోడించి, పెదాలు కదిపింది. ప్లీజ్ అమ్మా. ప్లీజ్.

కిరణ్మయికి గోడ మీద అంటించిన పేపరు ముక్క గుర్తొచ్చింది. శకుంతల ఆంటీ నవ్వు గుర్తొచ్చింది. తల్లుల్ని కూర్చోబెట్టి చెప్పే పాఠం కూడా గుర్తొచ్చింది, రాలేదంటే అబద్ధం.

"బాగానే ఉంది జూలీ," అంది. "అలసిపోయింది, అంతే."

మనూ గబగబా వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది.

శనివారం ఆ పిల్ల ఆడిన ఆట చూసి తీరాల్సిందే. ఆస్ట్రేలియా వాళ్ళు కొడుతుంటే కాలితో ఆపింది, చేత్తో ఆపింది, పొట్ట మీద పడి ఆపింది. సగం ఆట అయ్యేసరికి రెండు, రెండు. న్యూజిలాండ్ ఆ పోటీ మొత్తంలో ఓడిపోకుండా అంతసేపు నిలబడింది అప్పుడే. రింకంతా "మనూ! మనూ!" అంటోంది. శకుంతల ఆంటీ కూడా వచ్చింది, బెంచీ ఎక్కి మరీ అరుస్తోంది. కిరణ్మయి అంతకు ముందెప్పుడూ అంత సంతోషంగా లేదు. ఆ మాట దాచి లాభం లేదు.

తర్వాత తగిలింది దెబ్బ కూడా కాదు. మన జట్టు పిల్లే వెనక్కి జారుతూ వచ్చి మోచేత్తో తగిలింది. మనూ ఐసు మీద కూర్చుండిపోయింది, మళ్ళీ లేచింది. జనంలో ఎవరూ అయ్యో అని కూడా అనలేదు. మనూ మాస్కు సర్దుకుంది, మోకాళ్ళ మీదికి వంగింది, మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది.

అంబులెన్సులో కిరణ్మయి వాళ్ళకి అంతా చెప్పింది. గురువారం దెబ్బ, వాంతి, వెలుతురు, వారం పేరు తప్పు చెప్పడం, ఏదీ వదల్లేదు. వెనకాల కారులో వస్తున్న మొగుడికి మాత్రం చెప్పలేకపోయింది. ఆ రాత్రే తల తెరిచి రక్తం తీశారు. మ్యాచ్ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. టెస్ వచ్చి నిలబడిందట. రెండు, ఐదు. న్యూజిలాండ్ ఆఖరి స్థానం.

మనూ రెండు వారాలు కళ్ళు తెరవలేదు. ఆ రెండు వారాలూ మధుబాబు ఒకటే పాట. "ఆ కోచ్‌ని వదలను. దెబ్బ తగిలిన పిల్లని ఆడిస్తుందా? పిల్లల ప్రాణాలంటే లెక్కలేదా? కంప్లైంటు పెడతా, మళ్ళీ ఏ పిల్ల జోలికీ రాకుండా చేస్తా." శకుంతల ఆంటీ రోజూ చారు తెచ్చిచ్చి, "పెట్టాల్సిందే నాయనా," అంటూ వంత పాడింది.

ఒక రోజు జూలీ వచ్చింది, పూలతో. కారిడార్లోనే మధుబాబు ఆవిణ్ణి నిలబెట్టి తిట్టాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు, వచ్చిన ఇంగ్లీషు అయిపోతే తెలుగులో తిట్టాడు. జూలీ ఏడుస్తూ వింది. ఒక్కసారి తలెత్తి కిరణ్మయి వైపు చూసింది. 'నేను అడిగాను కదా, నువ్వే చెప్పావు కదా' అని ఆ ఆడమనిషి అనొచ్చు. అనలేదు. పూలు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. కిరణ్మయి నోరు విప్పలేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది. అనుకుని అక్కడే కూర్చుంది.

మూడో వారంలో మనూ లేచింది. అందర్నీ గుర్తుపట్టింది. ఎడం చెయ్యి కదలడం లేదు. రింకుకి బయల్దేరడం వరకూ గుర్తుంది, ఆ తర్వాత ఏదీ నిలవడం లేదు. ఇప్పుడు చెప్పింది కాసేపటికి ఉండదు. కొన్నాళ్ళకి కొంత మెరుగవ్వచ్చు, ఎంతవరకో చెప్పలేం అన్నాడు డాక్టరు. కిరణ్మయి ఆ మాట ఎన్ని కుటుంబాలకి తర్జుమా చేసి ఉంటుందో.

"అమ్మా, మేం గెలిచామా?" అదీ ఆ పిల్ల అడిగిన మొదటి మాట, తెలుగులో.

"లేదమ్మా, ఓడిపోయారు," అంది కిరణ్మయి, ఇంకో అబద్ధం ఆడలేక. మనూ దిండులో మొహం పెట్టి ఏడ్చింది, ఇప్పుడే ఓడిపోయినట్టు. ఏడ్చి ఏడ్చి పడుకుంది. లేచి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఏడ్చింది. అలా రోజంతా.

"గెలిచారని చెప్పవే! నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మధుబాబు కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు మధ్యాహ్నం ఆయన క్యారేజీ తేవడానికి ఇంటికెళ్ళాడు. మనూ కళ్ళు తెరిచింది.

"అమ్మా, మేం గెలిచామా?"

"గెలిచారు తల్లీ."

అబ్బ, ఆ మొహం! పేపర్లో ఫోటోలో కూడా అంత వెలుగు లేదు. మనూ కుడి చేత్తో తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"చూశావా మరి? జూలీ ఫోన్ చేసినప్పుడు నాకు బాలేదని చెప్పేసి ఉంటే? నీకు తెలిసి కూడా నువ్వు చెప్పలేదు. థాంక్స్ అమ్మా."

కిరణ్మయి తల తిప్పింది. మధుబాబు గుమ్మంలో ఉన్నాడు, క్యారేజీ చేతిలోనే ఉంది.

"జూలీ ఫోన్ చేసిందా?" అన్నాడు.

"చేసింది. శుక్రవారం. ఆడించమంటావా అని అడిగింది." ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది. "బాగానే ఉందని నేనే చెప్పానండీ. నాకు అంతా తెలుసు. మిరపకాయలు మాడ్చినప్పుడు కూడా తెలుసు. పైన ఫ్యాన్ తిరుగుతోందండీ, అందుకే ఘాటు రాలేదు."

మధుబాబు అరవలేదు. అరిస్తే బాగుండును అనిపించింది ఆవిడకి. క్యారేజీ కిటికీ దగ్గర పెట్టి, మంచానికి అవతలి వైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనూ కాసేపు కునుకు తీసి, కళ్ళు తెరిచి ఇద్దర్నీ చూసింది.

"అమ్మా, మేం గెలిచామా?"

కిరణ్మయి నోరు తెరవబోయింది. ఈసారి మధుబాబే చెప్పాడు, పిల్ల జుట్టు సవరిస్తూ.

"గెలిచారమ్మా. మీ అమ్మ ఆడనిచ్చింది కదా."

మనూ మొహం మళ్ళీ వెలిగింది. తల్లి కోసం చెయ్యి చాపింది.

"థాంక్స్ అమ్మా," అంది.