రెంచి నిద్రపోతే

పొద్దున్నే పొయ్యి రాజేశాక లొరెట్టా ఎండు సాల్మన్ చేప తోలు ఒకటి రెంచి నోటికి అందించేది. అది సోఫా దిగకుండానే నమిలేది. పదకొండేళ్ళ కుక్క. తొమ్మిది చలికాలాలు వార్నర్ మంచుబండికి అదే ముందు నడిచింది. మోకాళ్ళు అరిగి వార్నర్ బండి మానేశాక కుక్కల్ని ఊళ్ళో తలా ఒకటి పంచాడు. టీచరమ్మకి సుత్తి, కొట్టువాళ్ళకి పటకారు, మొగుడు పోయి ఒక్కతే ఉంటున్న లొరెట్టాకి రెంచి. ఒక్కో ఈతకి ఒక్కో తీరు పేర్లు పెట్టడం వార్నర్ అలవాటు; ఇవి ఒకే ఈత పిల్లలు, అందుకే అన్నీ పనిముట్ల పేర్లే.

తిన్నాక రెంచి నిద్రపోయేది. నిద్రలో కాళ్ళాడించేది. కాళ్ళాడితే ఇల్లు జరిగేది. జానెడు, ఒక్కోరోజు మూరెడు.

ఉత్తరాలు తెచ్చే డాట్ సణిగేది. "నిన్న ఇక్కడే కదే నీ గడప! కుక్కని కాస్త మేలుకోనియ్యి, నా కాళ్ళు పోతున్నాయి."

"నీ కాళ్ళకేం, దుప్పికాళ్ళు. నడువు."

చిక్కల్లా ఒకటే. ఇల్లు తనానా ఏటివైపు పోతోంది. పాత బండిదారి గడ్డకట్టిన ఏటి మీదుగానే. ఇప్పుడేమో మే నెల, మంచు విరిగి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. రెంచికేం తెలుసు? కలలో ఎప్పుడూ చలికాలమే.

"కుక్కని వార్నర్‌కి ఇచ్చెయ్యవే, మునిగిపోతావు" అంది డాట్.

"సోఫా మరిగిన కుక్కని మళ్ళీ గొలుసుకి కట్టాలా? ముందు నిన్ను కడతా."

లేపితే ఇల్లు ఆగేది. ముసలి కుక్కని ఎన్నిసార్లని లేపుతారు? గోడకీ గట్టుకీ మధ్య మూడు బారలే మిగిలిన రోజున లొరెట్టా గుట్టెక్కి వార్నర్‌ని పిలుచుకొచ్చింది.

అతను సోఫా తడిమాడు. "కుక్క కింద ఏం వేశావు?"

"దుప్పటి. మెత్తగా ఉంటుందని."

"దుప్పటి దీనికేం తెలుసు! మజిలీలో గడ్డి పరిస్తేనే పరుగు అయినట్టు. నువ్వు పరవలా, ఇది ఆగలా."

"అయితే ఇప్పుడే పరిచెయ్యి!"

"ఇక్కడా? ఏడాది తిరిగేసరికి ఈ గట్టుని ఏరు తినేస్తుంది. ఉండు."

రెంచి చెవి దగ్గర వంగి, ఎడమకి తిరగమనే పాత కేక వేశాడు. కుక్క కళ్ళు తెరవలేదు, చెవి మాత్రం తిప్పింది. ఇల్లు కిర్రుమని మళ్ళింది. ఎరిగిన గొంతు విన్నాక జానెడు జానెడు జరగడం పోయి పరుగే అయింది. నాలుగు రోజులు వార్నర్ సోఫా పక్కనే కూర్చుని కేకలేశాడు, ఇల్లు గుట్టెక్కింది. ఐదో రోజు మధ్యాహ్నం గంపెడు గడ్డి తెచ్చి రెంచి ముక్కు కింద పరిచాడు. అది వాసన చూసి, ముడుచుకుని, నిట్టూర్చింది. ఇల్లు ఆగింది.

లొరెట్టా తలుపు తీసింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో వార్నర్ గడప.

"గుట్టంతా ఖాళీగా ఉంటే ఇక్కడే దొరికిందా నీకు మజిలీ? నీ పొగంతా నా ఇంట్లోకే!"

"గడ్డి పరిచాక లేపకూడదు" అన్నాడు వార్నర్, నేల చూస్తూ.

లొరెట్టా కుక్క వైపు చూసింది. కాళ్ళు కదలట్లేదు.

"అయితే పో, నీ పొయ్యి ఆర్పేసి రా. రెండు పొయ్యిలెందుకు."