వెంకాయమ్మగారి కషాయం

ముసునూరు మామిడితోటల్లో కోతలు మొదలయ్యాయంటే వెంకాయమ్మగారి పెరటి పొయ్యి మీద కషాయం కాగుతూనే ఉండేది. శొంఠి, మిరియాలు, తులసి వేసి మరిగించి, బెల్లం కలిపి, పడిశం పట్టిన కూలీలకు తానే గ్లాసుల్లో పోసి ఇచ్చేవారు. తాగినవాళ్లు తేరుకుని మళ్లీ కాయలు దించుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఇందులో తప్పేముంది అంటారా? వినండి.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి రెడ్డిగూడెంలో మశూచి పొడచూపింది. టీకాలాయన ముసునూరు వచ్చి చావడిలో కూర్చుంటే ఒక్కరూ చెయ్యి చాపలేదు.

"అమ్మగారి కషాయం ఉండగా ఆ గాట్లు మాకెందుకండీ?" అన్నాడు తోట కాపలా పోతురాజు.

ఆ మాటకు వెంకాయమ్మగారు పొంగిపోయి, ఇంటికొచ్చి కోడలితో చెప్పుకున్నారు. చంటిదాన్ని జోకొడుతున్న ప్రమీలారాణి మెల్లగా అడిగింది: "మరి కషాయం తాగనివాళ్లకు పడిశం తగ్గలేదా అత్తయ్యా?"

ఆవిడకు చిర్రెత్తింది. అయినా ఆ ప్రశ్న నిద్రపోనివ్వలేదు. మర్నాడు కాలవ అవతలి గూడెంలో, కషాయం అందని ఇళ్లకు వెళ్లి వాకబు చేశారు.

"మాకూ తగ్గిందండి. పడిశం ఎన్నాళ్లుంటుంది?" అని నవ్వారు వాళ్లు.

కషాయం తాగినవాళ్లకెన్నాళ్లో తాగనివాళ్లకూ అన్నాళ్లే. మరి మశూచి అలా దానంతటది పోయే జబ్బు కాదే. తనను నమ్ముకున్న పోతురాజు పిల్లలు గుర్తొచ్చారు. ఆవిడ నేరుగా చావడికి వెళ్లారు.

"మీ టీకాకు మాత్రం రుజువేంటి నాయనా?"

"రెడ్డిగూడెంలో టీకా వేయించుకున్న ఇళ్లూ, వేయించుకోని ఇళ్లూ మీరే చూసి రండమ్మా."

బండి కట్టించుకుని వెళ్లి చూసి వచ్చారు. టీకా వేయించుకున్న ఇళ్లలో ఒక్కరికీ మశూచి సోకలేదు; మంచాన పడ్డవాళ్లంతా వేయించుకోని ఇళ్లవాళ్లే. ఆ సాయంత్రమే ఊరందరి ఎదుటా చెయ్యి చాపి మొదటి టీకా వేయించుకున్నారు. పోతురాజు పిల్లల్ని లాక్కొచ్చాడు. మనవరాలు కెవ్వుమంటే చావడి అంతా నవ్వులు. చీకటిపడేలోగా టీకా లేని చెయ్యి ఊళ్లో మిగల్లేదు; మశూచి ఆ పొలిమేర దాటలేదు.

"అయితే కషాయం ఇక మానేస్తారాండీ?" అని దిగులుగా అడిగాడు పోతురాజు.

"ఎందుకు మానతాను? గొంతుకు హాయి కదా, రేపూ కాస్తాను. కానీ హాయినిచ్చేదల్లా మందు కాదు పోతురాజూ. తాగినవాళ్లనే కాదు, తాగనివాళ్లనూ అడిగాకే ఏ మందునైనా నమ్మాలి."