డ్రమ్ము లైనులోకి రాదు

జిల్లా పరేడుకు తమ బడి బ్యాండు ఎంపికైందన్న కబురు ప్రార్థన మధ్యలో వస్తుంది. గేటు దాటి, మైదానానికి అడ్డంగా నడిచి, పదో తరగతి బి సెక్షను లైను చివర నిలబడుతుంది. ఇస్త్రీ బట్టలు వేసుకుంది, కాస్త ఆయాసపడుతోంది. కబురు కాబట్టి దాన్ని ఎవరూ పేరడగరు.

హెడ్మిస్ట్రెస్ సుభద్రమ్మగారు దాన్ని మైకు దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పించుకుని, అందరికీ వినిపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. కబురు సిగ్గుపడి మళ్ళీ లైను చివరికే పోతుంది.

హిమజ చప్పట్లు కొట్టదు. ఆమె మెడలో పెద్ద డ్రమ్ము ఉంది, రెండు చేతుల్లో కర్రలున్నాయి. ఎనిమిదో తరగతిలో దాన్ని తగిలించినప్పుడు భుజాల మీద పడ్డ పట్టీ గుర్తు, ఇప్పుడు పదిలోకి వచ్చేసరికి ఆమెతోపాటే పొడుగు సాగింది. సంతోషంగానే ఉంది ఆమెకు. కానీ ఆ సంతోషం కూడా మోయాల్సిన వస్తువులాగే ఉంది. ఈ పూట ఆమెకు కావలసింది ఒక్కటే. క్లాసులోకి వెళ్ళి, కిటికీ పక్క తన బెంచీలో కూర్చుని, చల్లటి చెక్క మీద తల ఆనించాలి.

ఈ బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలు ఊరికే క్లాసులకు పోరు. బ్యాండు మోగుతుంటే లైన్లు కదులుతాయి. పెద్ద డ్రమ్ము మీద దెబ్బ పడినప్పుడు ఎడమ కాలు నేల మీద పడాలి. ఫ్లూట్లవాళ్ళు, చిన్న డ్రమ్ములవాళ్ళు, తాళాలవాళ్ళు తమ క్లాసు లైను రాగానే వాయించుకుంటూనే అందులో కలిసిపోతారు. పెద్ద డ్రమ్ము మాత్రం ఆఖరి పిల్ల గుమ్మం దాటేదాకా మోగాలి. అప్పుడు డ్రిల్లు మాస్టారు సింహాచలంగారు చెయ్యెత్తుతారు. డ్రమ్ము ఆగుతుంది.

ఈ రోజు సింహాచలం మాస్టారు చెయ్యెత్తరు. గది గదికీ వెళ్ళి తలలు లెక్కపెట్టి వస్తారు. మళ్ళీ వెళ్తారు, మళ్ళీ వస్తారు.

"ఒకరు తక్కువున్నారమ్మా. ఇంకా బైటే ఉన్నారు ఎవలో. కొట్టు."

హిమజ కొడుతుంది.

డ్రమ్ము మోగుతోందంటే లైను ఉండాలి కాబట్టి, లైను వస్తుంది. రోడ్డు మీద పాల క్యాన్లతో పోతున్న మనిషి ఎడమ కాలు వేసి గేటులోకి తిరుగుతాడు. అతని వెనక నిరుడు పది పాసై వెళ్ళినవాళ్ళు, వాళ్ళ వెనక రాజాం బస్సు దిగినవాళ్ళు, వాళ్ళ వెనక బస్సు డ్రైవరు. అందరూ మర్యాదగా హిమజ క్లాసుకే, పదో తరగతి బి సెక్షనులోకి వెళ్తారు. సింహాచలం మాస్టారు వాళ్ళను లెక్కలోకి తీసుకోరు. బడి పిల్లలనే లెక్కపెడతారు. ఒకరు తక్కువే.

వచ్చినవాళ్ళకు చోటివ్వడానికి ఆ గది వెనక గోడ నెమ్మదిగా వెనక్కి నడుస్తుంది. వంటషెడ్డు దాటుతుంది, జనపనార మిల్లు దాటుతుంది, చెరకు తోటల్లోకి దిగుతుంది. అది వెళ్ళినంత మేరా కిటికీలు మొలుస్తాయి, పైన ఫ్యాన్లు కాస్తాయి.

పాఠాలు మాత్రం ఆగవు. హాజరు పిలుపులో తన పేరు వినిపించినప్పుడు హిమజ డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేస్తుంది. తెలుగు టీచరు టిక్కు పెడుతుంది. లెక్కల మాస్టారు ఒక్కో దెబ్బకు లెక్కలో ఒక్కో మెట్టు రాస్తారు. సైన్సు టీచరు బోర్డు మీద గుండె బొమ్మ గీస్తూ మధ్యలో ఆగి, కిటికీలోంచి హిమజను చూపిస్తుంది. ఇదిగో ఇలాగే ఉంటుంది, కాకపోతే కాస్త లోపలికి ఉంటుంది అని చెబుతుంది. పిల్లలు ఆ సంగతి రాసుకుంటారు. హిమజ రాసుకోలేకపోతుంది.

పొద్దు కూడా కదలదు. సూర్యుడు నీళ్ళ ట్యాంకు మీద నిలబడి, ఉన్నచోటే అడుగులు వేస్తుంటాడు. హిమజ నీడ చాలాసేపు ఓపిక పట్టి, చివరికి వెళ్ళి జెండా దిమ్మె మీద కూర్చుంటుంది. దాన్ని చూస్తే ఆమెకు కుళ్ళు పుడుతుంది.

ఒక్కసారి ఆమె దెబ్బ తప్పిస్తుంది. చేతులు లేవవు, అంతే. ఆ ఒక్క క్షణంలో ఊళ్ళో ఎడమ కాళ్ళన్నీ గాల్లో ఆగిపోతాయి. లెక్కల మాస్టారి చాక్‌పీసు బోర్డుకు వెంట్రుకవాసి దూరంలో నిలిచిపోతుంది. వంటషెడ్డులో గరిటెలోంచి జారిన సాంబారు కింద పడదు. వరండాలో ఒక ఆరో తరగతి పిల్ల ఒంటికాలి మీద ఊగుతూ, పడిపోబోతూ, హిమజ వైపు చూస్తుంది. హిమజ కొడుతుంది. ఆ పిల్ల కాలు నేలకు తగులుతుంది.

సింహాచలం మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చినప్పుడు, ఆ తక్కువైనది తనేనేమో అని హిమజ నెమ్మదిగా అడుగుతుంది. ఆయన ఆ మాటకు నొచ్చుకోరు. ఆలోచించే జవాబు చెబుతారు.

"నేను లెక్కపెట్టేది లైనుని. డ్రమ్ము లైనులోకి రాదు కదమ్మా."

ఆయనన్నది నిజమే. డ్రమ్ము ఎప్పుడూ లైనులోకి రాలేదు. హిమజ తల ఊపి కొడుతూనే ఉంటుంది. చెక్క చల్లదనం ఎలా ఉండేదో మరిచిపోతున్నానేమో అని ఆమెకు బెంగ పట్టుకుంటుంది. బుగ్గ ఆ చోటుకు ఆనినట్టు ఊహించుకోబోతుంది, బుగ్గకు డ్రమ్ము అంచే గుర్తొస్తుంది.

అన్నం వేళకు క్యారేజీ పట్టుకుని హిమజ వదిన వస్తుంది.

వదిన పేరు పైడికుమారి. పోయిన నెలలోనే హిమజ అన్నయ్యను పెళ్ళి చేసుకుని వాళ్ళింటికొచ్చింది. ప్రతిదానికీ మురిసిపోతుంది. క్యారేజీ గొళ్ళెం టక్కుమని పడితే మురిసిపోతుంది, కుళాయిలో నీళ్ళొస్తే మురిసిపోతుంది. కాలి వేళ్ళకు కొత్త మెట్టెలు గుచ్చుకుంటుంటే ఒక అడుగు ఆగి వేస్తుంది, రెండడుగులు గబగబా వేస్తుంది, మధ్యలో నిలబడి కాలు విదిలిస్తుంది. ఏ కాలు ఎప్పుడు పడుతుందో ఆమెకే తెలియదు. అందుకని డ్రమ్ముకు దొరకదు. ఊరంతా లైనులో కదులుతుంటే, వదిన ఒక్కతే ఆ లైనును అడ్డంగా దాటి తిన్నగా హిమజ దగ్గరికి వస్తుంది.

"ఇంతవరకూ తినలేదేటి?"

"లైను అవలేదు వదినా."

"చేతులకి పనుంది సరే. నోటికేటి పని? తెరువు."

బెండకాయ పులుసు కలిపిన అన్నం ముద్దలు చేసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య పెడుతుంది. హిమజ నమిలే తీరు చూసి వదినకు నవ్వొస్తుంది.

"మీ అన్నయ్యా ఇలాగే నముల్తారు. లెఫ్టు, రైటు, లెఫ్టు, రైటు. ఆయన్ని చూస్తే నాకు అన్నం దిగదు."

హిమజకు నవ్వాలని ఉంటుంది. నవ్వితే దెబ్బ తప్పుతుందని మానుకుంటుంది. జరిగినదంతా ముద్దకు కొంచెం చొప్పున చెబుతుంది. వదిన విని, లైను వైపు చూస్తుంది, గుమ్మం వైపు చూస్తుంది, హిమజ భుజాల మీది పట్టీల వైపు చూస్తుంది. నవ్వు ఆగిపోతుంది.

"అందర్నీ నువ్వు పంపుతున్నావు. నిన్నెవులు పంపుతారు?"

ఇన్నేళ్ళలో హిమజను ఆ మాట ఎవరూ అడగలేదు.

"డ్రమ్ము లైనులోకి రాదంట," అంటుంది.

"రాకపోతే మానె. నువ్వెళ్ళు."

వదిన క్యారేజీ మూత ఎడమ చేత్తో పట్టుకుని, చెంచాతో దాని మీద కొట్టడం మొదలుపెడుతుంది. బాగా కొట్టదు. ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది, రెండు కలిసి పడతాయి, ఒకటి పడనే పడదు. ఆమె నడక ఎలా ఉంటుందో ఆ మోతా అలాగే ఉంటుంది. లైనులో కొందరి ఎడమ కాలు పైకి లేస్తుంది, కొందరి కుడి కాలు. పాల మనిషికి పాలు గుర్తొస్తాయి. డ్రైవరుకు బస్సు గుర్తొస్తుంది. ఒకరి వెనక ఒకరు గదిలోంచి బయటికొచ్చి, ఎక్కడికి పోతూ ఇటు వచ్చామా అనుకుంటూ వెళ్ళిపోతారు.

సింహాచలం మాస్టారు పరుగున వస్తారు. "ఆ దెబ్బకి ఎడమ కాలు ఎక్కడ పడాలమ్మా?"

"ఎక్కడ పడితే అక్కడే పడనీండి మాస్టారూ. పిల్ల లోపలికెళ్ళడమే గదా మీకు కావాల."

మాస్టారు ఆలోచిస్తారు. రూలులో ఎక్కడా దీనికి అడ్డు కనిపించదు.

హిమజ పట్టీ తీసేస్తుంది. డ్రమ్ము కింద పడకుండా ఆమె నడుమెత్తులో గాల్లోనే నిలబడి ఉంటుంది. ఆమె నీడ జెండా దిమ్మె మీంచి లేచి వచ్చి కాళ్ళకు తగులుకుంటుంది. హిమజా, నీడా ఇద్దరూ నడుస్తారు. సొంత కాళ్ళతో నడిచి చాలాసేపైంది కాబట్టి ముందు ఏ కాలు వెయ్యాలో ఆమెకు తెలియదు. ఏదో ఒకటి వేస్తుంది. వెనక మూత మోగుతోంది.

గది చాలా పొడుగ్గా ఉంది. ఆమె ఫ్యాన్ల కింద నుంచి నడుస్తుంది. కిటికీల్లో వంటషెడ్డు పోతుంది, మిల్లు పోతుంది. ఆమె బెంచీ చెరకు తోటల దగ్గర ఉంది. పక్కనే కబురు కూర్చుని ఉంది. ఆమెను చూసి జరిగి చోటిస్తుంది. హిమజ కూర్చుని, చెక్క మీద తల ఆనిస్తుంది. చెక్క చల్లగా ఉంది. మరిచిపోయాననుకుంది గానీ, బుగ్గ మరిచిపోలేదు.

సింహాచలం మాస్టారు లెక్కపెడతారు. సరిపోతుంది. ఆయన చెయ్యెత్తుతారు. వదిన మూత ఆపి, కుళాయి దగ్గర కడిగి, ఆ నీళ్ళు చూసి మురిసిపోయి, లోపలికొచ్చి హిమజకు రెండో పక్కన కూర్చుంటుంది. మెట్టెలు గుచ్చుకుంటున్నాయి మరి.

సూర్యుడు ట్యాంకు మీంచి దిగి ఇంటికి పోతాడు. సుభద్రమ్మగారు మైకు ముందు గొంతు తగ్గించి చెబుతారు. రేపు జిల్లా పరేడు. హిమజ నిద్రపోతోంది కాబట్టి ఆమెను ఎవరూ లేపకూడదు. పదో తరగతి బి సెక్షను గది మొత్తం ఉన్నదున్నట్టుగా పొద్దున్నే నడుచుకుంటూ బయలుదేరుతుంది. పెద్ద డ్రమ్ము లైనులో అందరికంటే ముందు నిలబడుతుంది. పైడికుమారి క్యారేజీ మూత మరిచిపోకుండా తెచ్చుకోవాలి.

మైదానంలో డ్రమ్ము ఆ మాట విని నిటారుగా నిలబడుతుంది.

హిమజ ఊపిరి చెక్క మీద చిన్న తడి మచ్చ చేస్తుంది. అప్పుడు ఆమె కింది బెంచీ, ఆమె తల కదలకుండా, తన ఎడమ కాలు పైకెత్తుతుంది. నేల మీద పెడుతుంది, ఆగుతుంది, ఏదో గుచ్చుకున్నట్టు కాస్త విదిలిస్తుంది. వెనక బెంచీ చూసి నేర్చుకుంటుంది. చెరకు తోటల దాకా, ఒక్కొక్క బెంచీ, కొత్త మెట్టెలు పెట్టుకున్నదానిలా, రేపటి అడుగు వేసి చూసుకుంటుంది.