సమాధానం చెప్పని పాస్టరు

పాకాల రైలుగేటు అవతల ఉన్న ప్రార్థన మందిరానికి మైకు అక్కర్లేదు, దయానంద్ పాస్టరు గొంతు చాలు అని ఊళ్లో అనుకునేవాళ్లు. అయినా మైకు ఉండేది. ఆ గొంతుకు మైకు కూడా తోడైతే ధర్మవరం వైపు పోయే బండి కూత సైతం వినబడేది కాదు.

ఇరవై రెండేళ్లుగా ఆయన ఎక్కువసార్లు ప్రసంగించింది సమాధానం గురించే. మందిరానికి రానివాళ్లకు సమాధానం అంటే జవాబు. వచ్చేవాళ్లకు మనశ్శాంతి. దయానంద్ దగ్గర జవాబుకు ఎప్పుడూ లోటు లేదు. ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వస్తే, రెండో మాట పూర్తి కాకముందే ఆయన చెయ్యి గ్రంథం మీదికి పోయేది. మూడో మాట చెప్పే అదృష్టం చాలామందికి పట్టలేదు. లోటల్లా మనశ్శాంతికే. పొద్దునా సాయంత్రం బీపీ మాత్ర వేసుకునేవాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. నిద్రలో పళ్లు కొరుకుతాడని ఆయన భార్య, దామలచెరువు బడిలో టీచరుగా పనిచేసే ప్రసన్నకుమారికి ఒక్కదానికే తెలుసు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో హైస్కూలు మైదానంలో మూడు రోజులు సమాధాన మహాసభలు పెట్టాలని దయానంద్ ఆర్నెల్ల ముందే తలపెట్టాడు. తలపెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ సమాధానం లేదు. పోలీసు పర్మిషన్ కోసం నాలుగుసార్లు తిరిగాడు. షామియానా వాడితో గొడవపడ్డాడు. మదనపల్లె నుంచి వస్తానన్న ప్రసంగీకుడు రానన్నాడు. అన్నిటికన్నా పెద్ద గొడవ ఫ్లెక్సీ దగ్గర జరిగింది. బస్టాండులో కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీలో 'సమాధానం' అన్న మాటలో ధ కింద ఒత్తు లేదు. ఆ ఒత్తు కోసం దయానంద్ ఫ్లెక్సీ అంగడి ముందు నిలబడి అరగంట కేకలు వేశాడు. బస్సు కోసం నిలబడిన జనం ఒకసారి ఆయన మొహం, ఒకసారి పైన ఫ్లెక్సీలో చేతులు చాచి నవ్వుతున్న ఆయన మొహం చూసుకుంటూ బాగా కాలక్షేపం చేశారు.

సభల మూడో రోజు సాయంత్రం, ప్రభువు తుఫానును గద్దించి నిమ్మళపరచిన ఘట్టం చెబుతూ, ఆ గద్దింపు ఎట్లా ఉండి ఉంటుందో గొంతెత్తి వినిపించబోయాడు. నోరు తెరుచుకుంది. శబ్దం రాలేదు. మైకుసెట్టు సునీల్‌కుమార్ తప్పు తన యాంప్లిఫయర్‌దే అనుకుని దాన్ని రెండు చరుపులు చరిచాడు. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాడు. తప్పు ఎక్కడుందో తెలిసేసరికి జనం సగం లేచిపోయారు.

చిత్తూరులో గొంతు డాక్టరు లోపల గొట్టం పెట్టి చూసి, బాగా వాచిపోయిందని చెప్పాడు. నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు చేస్తాయన్నాడు. పక్కన కూర్చున్న ప్రసన్నకుమారి నెల రోజులంటే ముప్పై రోజులా, నాలుగు వారాలా అని అడిగింది. ఆ ప్రశ్నలో ఆందోళన ఎంతో ఆశ ఎంతో దయానంద్‌కు అంతుపట్టలేదు.

ఆదివారం ఆరాధనను సంఘపెద్ద ఏబెల్ నడిపించాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైన మనిషి, తడుముకుంటూ పదిహేను నిమిషాలు మాట్లాడి కూర్చున్నాడు. దయానంద్ వెనక బెంచీలో కూర్చుని, తను లేని లోటు ఎంత కనబడుతుందోనని నాలుగు వైపులా చూశాడు. జనం పాటలు పాడారు, ప్రార్థన చేశారు, ఎండ ముదరకముందే ఇళ్లకు పోతున్నామని సంతోషంగా పోయారు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

బుధవారం మునివెంకటప్ప వచ్చాడు. ఊరి చివర మామిడితోట ఉన్న రైతు. మందిరంలోకి ఎప్పుడూ అడుగుపెట్టలేదు గానీ పాస్టరుతో ఇరవై ఏళ్ల పరిచయం. గొంతు ఎట్లుందో చూసిపోదామని వచ్చినవాడు వసారాలో కుర్చీ లాక్కుని, బోరు నీళ్ల దగ్గర తమ్ముడితో వచ్చిన తగాదా చెప్పడం మొదలుపెట్టాడు. అన్నదమ్ముల తగాదాలకు దయానంద్ దగ్గర మూడు వచనాలు సిద్ధంగా ఉన్నాయి. బడి నుంచి భార్య తెచ్చిపెట్టిన పలక కోసం వెతికాడు. పలక దొరికింది గానీ బలపం దొరకలేదు. బలపం దొరికేసరికి మునివెంకటప్ప తగాదా దాటి తమ్ముడి చిన్నతనానికి పోయాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజులు చెప్పి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. దయానంద్ చేతిలో బలపం అట్లాగే ఉండిపోయింది.

"మనసు తేలికైంది అయ్యోరా," అన్నాడు లేస్తూ. "ఇంతకుముందు కూడా నీ కాడికి వచ్చినా. కానీ ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదప్పా నువ్వు."

తను ఏమీ చెప్పలేదని పలక మీద రాసి చూపించాలని దయానంద్‌కు అనిపించింది. కానీ ఆయన రాత ఆయనకే అర్థం కాదు.

పాకాల పాస్టరు దగ్గర కూర్చుంటే మనసు కుదుటపడుతోందని వారం తిరగకముందే చుట్టుపక్కల పొక్కిపోయింది. ఆడవాళ్లు వచ్చారు, ఆటో వాళ్లు వచ్చారు, ఒకరోజు ఫ్లెక్సీ అంగడి వాడే వచ్చి భార్య పుట్టింటికి పోయిన సంగతి చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్లు గొంతు చించుకుని ప్రకటించినా రానివాళ్లు, నోరు మూతబడిన పది రోజుల్లో వసారా నిండా కూర్చున్నారు. దయానంద్‌కు మొదట్లో ఇది అవమానంగా తోచింది. తర్వాత్తర్వాత ఒక చిత్రం గమనించాడు. మనుషులు మొదట చెప్పేది అసలు బాధ కాదు. అసలుది నాలుగో మాటలోనో ఐదో మాటలోనో వస్తుంది. ఇన్నేళ్లూ తను జవాబులన్నీ మొదటి బాధకే ఇచ్చి పంపాడు.

మూడో ఆదివారం భోజనాలయ్యాక ప్రసన్నకుమారి వసారాలో చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. ఎవరూ రాలేదు. దయానంద్ కూడా పక్కనే చతికిలబడి గింజలు తీయసాగాడు. ఆమె బడి సంగతులు చెప్పింది, హెడ్‌మాస్టరు సంగతి చెప్పింది.

"సంకలో గడ్డ ఒకటి ఉండాది," అంది చింతపండు మీద నుంచి కళ్లు ఎత్తకుండా. "దసరా సెలవుల్లోనే మీకు చెప్పినా. భయపడొద్దు, ప్రార్థన చేస్తానన్నారు. చేసినారు కూడా. అంతలో ఫోనొస్తే లేసి పోయినారు. మళ్లీ ఎప్పుడు చెప్పాల్నో నాకు తెలియలేదు."

దయానంద్ గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ప్రార్థన గుర్తు రాలేదు. గడ్డ మాటా గుర్తు రాలేదు. ఫోను మాత్రం గుర్తొచ్చింది. అది మైదానం పర్మిషన్ గురించి. డాక్టరు చెప్పింది మరిచిపోయి మాట్లాడబోయాడు. ఆమె చింతపండు చేత్తోనే ఆయన నోరు మూసింది. ఆయన లేచి పలక తెచ్చి, రేపే తిరుపతికి పోదామని అక్షరాలు దిద్దినట్టుగా పెద్దగా రాశాడు. ఈసారి ఆమెకు అర్థమైంది.

మర్నాడు పొద్దున బండిలో గుండు చేయించుకోబోయేవాళ్లే ఎక్కువ. నిలబడటానికే చోటు దొరికింది. తిరుపతిలో పెద్దాసుపత్రిలో సూది గుచ్చి ముక్క తీశారు. మళ్లీ డాక్టరు పిలిచేదాకా బయట కూర్చోమన్నారు. ఆ బయట నూరుమంది ఉన్నారు. ఒక చంటిబిడ్డ ఆపకుండా ఏడుస్తోంది. నర్సు పేర్లు పిలుస్తోంది, అందరూ ప్రతి పేరుకీ తలెత్తుతున్నారు.

దయానంద్ కళ్లు మూసుకుని లోలోపల ప్రార్థన మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని అంశాలు వాటంతట అవే వరసగా వచ్చాయి. ముగింపుకు ఒక ఉదాహరణ కూడా తట్టింది. దేవుడి ఎదుట కూడా ప్రసంగమే చేస్తున్నానని అప్పుడు తెలిసింది ఆయనకు. సిగ్గుపడి ఆగిపోయాడు. ఆపిన తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. భయంగా ఉందని మాత్రం ఒప్పుకున్నాడు. ఈ మనిషి నాకు కావాలి అన్నాడు. భార్య చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

ఎంతసేపు అట్లా కూర్చున్నాడో తెలియదు. బిడ్డ ఏడుస్తూనే ఉంది, నర్సు పిలుస్తూనే ఉంది. భయమూ పోలేదు. కానీ ఆ భయం పక్కన ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టు, దాన్ని ఇక తనొక్కడే మోయనక్కర్లేనట్టు అనిపించింది. నుదుటి దగ్గర ఏళ్లుగా బిగుసుకుని ఉన్నదేదో వదులైంది. సమాధానం ఇట్లా ఉంటుందా, ఇన్నేళ్లూ నేను చెప్పింది దీని గురించేనా అని ఆశ్చర్యపోయాడు.

"ఏమన్నా రాసి సూపీయండి," అంది ప్రసన్నకుమారి. ఆయన పలక కోసం సంచీలో చెయ్యి పెట్టేలోపు మళ్లీ తనే, "వద్దులే, ఇట్లే ఉండండి," అని ఆయన భుజం మీద తల వాల్చింది. ఐదు నిమిషాల్లో ఆమెకు నిద్ర పట్టింది. నర్సు ఆమె పేరు పిలిచినప్పుడు లేపడానికి ఆయనకు మనసొప్పలేదు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. కొవ్వు గడ్డ, భయపడేది ఏమీ లేదు. ప్రసన్నకుమారి ఆ సాయంత్రం బడి పిల్లలందరికీ చాక్లెట్లు కొంది.

నెల గడిచింది. చిత్తూరు డాక్టరు మళ్లీ గొట్టం పెట్టి చూసి, వాపు పూర్తిగా పోయిందనీ మెల్లగా మాట్లాడుకోవచ్చనీ చెప్పాడు. దయానంద్ ఆసుపత్రి మెట్ల మీద పలికిన మొదటి మాట భార్య పేరు. కొంచెం బొంగురుగా వచ్చింది. ఆమెకు అట్లాగే బాగుందట.

ఊళ్లో ఈ వార్తకు ఆయన ఊహించినంత సంతోషం కనబడలేదు. ఏబెల్ చాలాసేపు గొణిగి, ఆదివారాలు ఇంకొన్నాళ్లు తనే చూసుకుంటాననీ, గొంతు మళ్లీ చెడితే కష్టమనీ అన్నాడు. పదిహేను నిమిషాల ప్రసంగానికి అలవాటు పడిన సంఘం మొత్తం ఆయన వెనకాల నిలబడి తలలూపింది. దయానంద్‌కు నవ్వొచ్చింది. ఫిబ్రవరిలో అయితే మాత్ర వేసుకోవాల్సి వచ్చేది.

ఆ సాయంత్రం మునివెంకటప్ప గేటు తీసుకుని వచ్చాడు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. కుర్చీ దగ్గర నిలబడి, కూర్చోవాలో వద్దో తేల్చుకోలేనట్టు అనుమానంగా చూశాడు.

"గొంతు వచ్చేసిందా ఏంది అయ్యోరా?"

వంటింటి గుమ్మంలో ప్రసన్నకుమారి కాఫీ గ్లాసులతో ఆగిపోయి మొగుడి వైపు చూసింది. దయానంద్ ఒక్క క్షణం ఆలోచించాడు. అబద్ధం ఆడకూడదని లెక్కలేనన్ని సార్లు చెప్పిన నోరు అది. ఆ నోరు తెరవలేదు. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

మునివెంకటప్ప మొహం విప్పారింది. పాపం, పాపం అని సానుభూతి చూపిస్తూనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కాఫీ తాగాడు. తమ్ముడి మాట ఎత్తలేదు. ఎన్నడూ ఎవరితోనూ అననిది, మొట్టమొదటిసారి తన గురించి చెప్పడం మొదలుపెట్టాడు.