పాలిపోయిన చెవులు

తొమ్మిదో ఎలుక మెడ కూడా విరిచి ట్రేలో పెట్టాక, అతను ఎడమ బొటనవేలిని ఒకసారి ఆడించి చూసుకున్నాడు. కణుపు దగ్గర సూది గుచ్చినట్టుంది. పక్కగదిలో పరిశోధన చేసే డాక్టరమ్మ అంతకుముందు పంపినవాటి తొడ ఎముకలు కోసి లోపలి మూలుగ తీస్తోంది. కత్తెర ఎముకను కొరికే చప్పుడు గోడ దాటి వినిపిస్తోంది.

ఆ ప్రయోగశాలలో అతను అందరికీ బాబాయే. ఇరవై ఆరేళ్లుగా ఎలుకల గదే అతని లోకం. పంజరాలు కడగడం, మేత వెయ్యడం, కాట్లాడుకునే మగవాటిని విడదీయడం, చివరికి చంపడం అతని పని. ఆ పొద్దున తలుపు తీసేసరికే రెండు మగవి ఒకదాన్నొకటి చీరుకున్నాయి. ఓడినదాని వీపు మీద తోలు లేదు. దాన్ని తీసి రెప్పపాటులో బాధ తప్పించాడు. గెలిచినది నెత్తుటి మూతి తుడుచుకుంటుంటే, "కడుపు నిండిందా వెధవా?" అని తిట్టాడు.

చంపడంలో అతనిది చేయి తిరిగిన పనితనం. బొటనవేలితో మెడ వెనక నొక్కి, కుడిచేత్తో తోక మొదట్లో పట్టుకుని ఒక్కసారి గుంజుతాడు. టప్‌మంటుంది, అంతే. తాను చస్తున్నానని ఎలుకకు తెలిసే వ్యవధి ఉండదు. అదే అతని పంతం, గర్వం కూడా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ ఆ గదిలో చెలగాటాలు చెల్లవు. ఎలుకను తోకపట్టి ఊపిన ఉద్యోగి ఒకడి చెంప ఛెళ్లుమనిపించాడు ఒకప్పుడు. పైవాళ్లు అడిగితే క్షమాపణ రాసిచ్చాడు గానీ తప్పయిందని నోటితో అనలేదు.

ఇంట్లో మాత్రం ఆ చేతులంటే అతనికే భయం. మూడు నెలల మనవరాలిని ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకుంటాడు. "మీ చేతులకేమన్నా కోరలున్నాయా?" అని భార్య దెప్పుతుంది. ఆ పసిదానికి మెడ ఇంకా నిలవలేదు. ఆ మెడను చూస్తే తన వేళ్లకు ఏం గుర్తొస్తుందో ఆవిడతో ఎలా చెప్తాడు? వేలి నొప్పి సంగతీ చెప్పలేదు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. కూతురూ, మనవరాలూ కూడా ఆ రెండు గదుల్లోనే ఉన్నారు.

చంపిన తొమ్మిదీ పోల్చి చూడడానికి తెచ్చిన మామూలువి. ఇక మిగిలినవి ఆరు. పాలిపోయినవి. మామూలు ఎలుక చెవి వెలుతురులో ఎర్రగా మెరుస్తుంది. వీటి చెవులు కాగితాల్లా ఉన్నాయి. అవి అలా ఎందుకుంటాయో డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. మూలుగలో ఒక పెద్ద కణం ఉంటుందట. ఎర్రకణాలు కావలసిన పసికణాలు దాని చుట్టూ చేరి, దాన్ని పట్టుకుని పెరుగుతాయట. పట్టుకోవడానికి వాటి పైపొర మీద ఒక ప్రోటీను ఉండాలి. అది లేకుండా పుట్టినవే ఇవి. పట్టు దొరకదు, నెత్తురు పట్టదు.

"ఆ పసికణాలు పెరిగాక లోపలున్న కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తాయి బాబాయ్. దాన్ని ఆ పెద్ద కణం మింగేస్తుంది," అందావిడ.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. కూతురు కంచంలో వదిలేసిందంతా వాళ్లమ్మే మింగుతుంది."

ఆవిడ పడీపడీ నవ్వింది.

ఇలా పాలిపోయి పుట్టినవాటిని కన్నతల్లులే కొరికి తినేసేవి. పొద్దున చూస్తే మొండేలే మిగిలేవి. ఏడాదిలో ఒక్కటీ దక్కలేదు. చివరికి అతనే ఉపాయం పన్నాడు. ఇంకో బాలింత ఎలుక గూటిలో పొట్టు చేతులకు పులుముకుని, ఆ వాసనతోనే వీటిని దాని పిల్లల్లో కలిపాడు. ఆరు బతికాయి. ఇరవై రోజులు సాకాడు, ఈ రోజు చంపడానికి. ఇప్పుడవి రొప్పుతున్నాయి, సాయంత్రం దాకా ఉండవు. వాటంతటవి చస్తే మూలుగ పనికిరాదు. గ్యాసుతో చంపినా ఆవిడ ప్రయోగానికి పనికిరాదు.

మొదటిది శుభ్రంగా పోయింది. రెండోదాన్ని నొక్కి గుంజేసరికి వేలు లొంగిపోయింది. ఎలుక కీచుమంది. వెన్ను విరిగింది గానీ ప్రాణం పోలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ బల్ల మీద పాకింది. ముక్కులోంచి నీళ్లలాంటి నెత్తురు కారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. అది తిరగబడి కరిచినా బాగుండేది. కరవలేదు, అతని అరచేతిలోకే దూరబోయింది. బల్ల అంచుకేసి కొట్టాడు. ఒక్క దెబ్బ చాలలేదు. రెండో దెబ్బకు ఊరుకుంది.

గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది.

"వేలు చచ్చిందమ్మా," అన్నాడు. "రెండు నెలల్నుంచీ దాస్తున్నాను."

"నేనెవరికీ చెప్పను బాబాయ్. కాసేపు ఆగి మిగతా నాలుగూ..."

"మీరు చెప్పకపోతే మాత్రం ఏం? ఎలుకకి తెలిసిపోయింది కదమ్మా."

ఆరేళ్లలో ఆవిడ తన చేత్తో ఒక్కదాన్నీ చంపలేదు. ట్రేలో వెచ్చగా, కదలకుండా వచ్చినవే ఆవిడకు తెలుసు.

"ఇలా రండి," అన్నాడు.

"నావల్ల కాదు."

"అయితే నాలుగూ ఊపిరాడక చస్తాయి. మీ ఏడాదీ గంగలో కలుస్తుంది. జాలి ఉంటే గట్టిగా గుంజండి. మెల్లగా గుంజితేనే పాపం."

ఆవిడ వేలిని పట్టి ఎలుక మెడ మీద తనే ఆనించాడు. ఆవిడ కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరవండమ్మా. దానికి మనం ఇచ్చే మర్యాద అదొక్కటే."

టప్‌మంది. ఆవిడ మోచేత్తో కళ్లు తుడుచుకుని రెండోది అందుకుంది. నాలుగోదాన్ని అతను చెప్పకుండానే ఒక్క గుంజుతో ముగించింది. అది చూసి అతనికి గర్వం కలిగింది. ఆ వెంటనే ఆవిడ మీద జాలి కూడా కలిగింది.

ఆవిడ ట్రే పట్టుకుని పరుగున లోపలికి వెళ్లింది. అతను బల్ల కడిగాడు. మిగతా పంజరాలన్నిటిలో నీళ్లు నింపాడు. తర్వాత సూపరింటెండెంటు గదికి వెళ్లి, ఇక తన వేలు పనికిరాదని తన నోటితోనే చెప్పాడు. క్వార్టరు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో కూడా తనే అడిగి తెలుసుకున్నాడు. ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. అయినా ఇంటికే నడిచాడు.

మధ్యాహ్నం, ప్రయోగానికి కావలసినంత మూలుగ దొరికిందని చెప్పడానికి డాక్టరమ్మ ఆ గదికి వచ్చింది. గుమ్మం లోపల, ఆ గదిలో మాత్రమే తొడుక్కునే అతని రబ్బరు చెప్పులు కడిగి గోడకు ఆనించి ఉన్నాయి. మడమల దగ్గర కాగితమంత పలచగా అరిగి, ఇంకా నీళ్లోడుతున్నాయి.